మంత్రిగారి నెత్తిన రాజన్న హెల్మెట్

అల్ అజీజియా సైటు, దోహా
జూన్ 5

మామకు,

దోహా ఎండలో సగం ఉడికి, మిగతా సగం రేపటికి దాచుకున్న మీ అల్లుడు రాజన్న దండాలు.

ఫోన్ చేస్తే మీకు నా మాట వినబడదు. మీరు అరిస్తే మా క్యాంపు గదిలో పడుకున్న ఎనిమిది మందీ లేచి కూర్చుంటారు. అందుకని కాగితం మీద రాసి, ఫోటో తీసి మీ కూతురు విజయ ఫోనుకు పంపుతున్నాను. మా బిడ్డ మమత చదివి వినిపిస్తుంది. ఎండాకాలం పొద్దున పదింటి నుంచి మూడున్నర దాకా ఇక్కడ బయట పని బంద్ కాబట్టి నాకు రాసే తీరిక బాగానే ఉంది.

అసలు ముచ్చటకు వస్తాను. పోయిన వారం మా సైటుకు బ్రిటన్ దేశపు రవాణా మంత్రి వచ్చాడు. పేరు రోడరిక్ థార్న్‌బీ. సైటులో కాలు పెట్టాలంటే మంత్రి అయినా హెల్మెట్ పెట్టుకోవాల్సిందే. ఆయన తలకాయ చాలా పెద్దది మామా. పెద్దవాళ్ళ కోసం తెచ్చిన తెల్ల హెల్మెట్లు ఆరు పెట్టి చూశారు, ఒక్కటీ దిగలేదు. అప్పుడు మా ఫోర్‌మన్ వరుసలో నిలబెట్టిన మా తలకాయలన్నీ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. పెళ్ళిలో నా తలకు బాసింగం చాలక మీరు ఇంకో దారం ముడేసి కట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

నా హెల్మెట్ ఆయనకు అచ్చం కొలత తీసి కుట్టించినట్టు సరిపోయింది. ఒకరిది ఒకరికి మారిపోతాయని దాని ముందు వైపు నేను మార్కర్‌తో తెలుగులో 'రాజన్న' అని రాసుకున్నాను. ఫోటో జత చేశాను, చూడండి. బ్రిటన్ మంత్రి నెత్తిన మన పేరు!

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు మాట్లాడాడు. "రాజన్నా, నీకేమన్నా కావాలంటే మొహమాటపడకు, చెప్పు" అన్నాడు. నేను "అన్నీ ఉన్నాయి సార్, మీ దయ" అన్నాను. మన ఊళ్ళో నలుగురికీ చెప్పండి.

ఇట్లు, మీ అల్లుడు
రాజన్న

తా.క.: మంత్రిగారు హెల్మెట్ తీయడం మరచిపోయి దానితోనే కారెక్కి వెళ్ళిపోయాడు. స్టోరులో నాకిచ్చిన కొత్తది నెత్తి మీద బోనం కుండలా నిలబడుతోంది. తల వంచితే పడిపోతుంది. అందుకని వారం నుంచి నేను ఎవరికీ తల వంచడం లేదు. నాకు పొగరు పెరిగిందని ఫోర్‌మన్ అనుకుంటున్నాడు.


చింతలొద్ది
జూన్ 22

చిరంజీవి అల్లుడు రాజన్నకు,

నీ మామ బుచ్చన్న మనసారా దీవించి రాయించే సంగతులు.

నా కంటికి శుక్లం పెరిగింది కనుక నేను చెబుతుంటే మమత రాస్తోంది. చివరి నాలుగు ముక్కలు మాత్రం నా చేతితో రాస్తాను. అవి చూస్తేనే ఉత్తరం నాదని నీకు నమ్మకం కలుగుతుంది.

ఖతర్‌లో నీకు దక్కిన గౌరవం గురించి చదివి ఎంతో ఆనందించాము. ఆ మంత్రివర్యులు రవాణా శాఖవారు కావడం మన ఊరి అదృష్టం. ఎందుకంటే ఈ నెల పన్నెండో తేదీ నుంచి మన ఊరికి బస్సు ఆగిపోయింది. డిపోలో అడిగితే ప్రయాణికులు లేరన్నారు. బస్సు వస్తేనే కదా ప్రయాణికులు ఎక్కేది అంటే, అది పైవాళ్ళు చూసుకుంటారన్నారు. ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలంటున్నారు. విజయ రోజూ ఆధార్ కార్డు తుడిచి పెట్టుకుంటోంది గానీ చూపించడానికి బస్సు లేదు.

మన ఊరి ఆడపిల్లలు పదకొండు మంది మండలంలో ఇంటర్ చదువుతున్నారు. మమత ఇప్పుడు రెండో సంవత్సరం. మక్కచేన్ల మధ్య నాలుగు కిలోమీటర్లు నడిచి రోడ్డెక్కుతున్నారు. తిరిగి వచ్చేసరికి మునిమాపు అవుతోంది. విజయకు భయంగా ఉంది. "సద్దుల బతుకమ్మ దాకా చూస్త. బస్సు రాకుంటే కాలేజీ బంద్ వెట్టించి బీడీల చాట ముందట కూసోవెడ్త" అని తేల్చి చెప్పింది. ఈ మాట రాయడానికి మమత కొంచెం ఆగింది, నేనే రాయమన్నాను.

కనుక నువ్వు ఆ మంత్రివర్యుల లెటర్ ప్యాడ్ మీద రెండు ముక్కలు రాయించి పంపాలి. ఎమ్మెల్యే లెటర్ పట్టుకుపోతే తిరుపతిలో దర్శనం అవుతోంది. దేవుడి దగ్గరే చెల్లుతున్న లెటర్ డిపో మేనేజర్ దగ్గర చెల్లదా? ఏమన్నా కావాలంటే చెప్పమని ఆయనే అన్నారు కదా. ఇప్పుడు కావాలి, చెప్పు.

ఇట్లు, శ్రేయోభిలాషి
బుచ్చన్న, మాజీ వార్డు మెంబరు

తా.క.: అల్లుడా గిది నా చేతిరాత. మోకాళ్ళు పట్టుకపోయినయ్. దుబాయ్‌ల గొడ్డలి బొమ్మ నూనె దొరుకుతదట, ఓ సీస పంపు. ఫోటల నీ పక్కన నిలవడ్డ తెల్లటాయన మీ మేస్త్రా?


అల్ అజీజియా సైటు, దోహా
జూలై 4

మామకు,

మీ ఉత్తరం చదివినప్పటి నుంచి అన్నం సహించని అల్లుడు రాజన్న దండాలు.

మామా, మీ భాష చూసి హడలిపోయాను. మంత్రివర్యులు, శ్రేయోభిలాషి! వార్డు మెంబరుగా ఉన్నప్పుడు మీరు ఇంత తెలుగు ఎక్కడ దాచిపెట్టారు?

బస్సు సంగతి మమత ఫోనులో చెప్పింది. చిన్నపిల్ల మాట కదా అని నేనంతగా పట్టించుకోలేదు. మీరు రాశాక భయం పట్టుకుంది. నేను వెంటనే మంత్రిగారికి చెప్పేవాడినే. కానీ ఏం జరిగిందంటే, ఆయన ఇప్పుడు రవాణా మంత్రి కాడు.

ఇక్కడ మా టైంకీపర్ రఫీయుద్దీన్ అని నిజామాబాద్ మనిషి ఉన్నాడు. ఇంగ్లీషు వార్తలన్నీ ఫోనులో చదువుతాడు. బ్రిటన్‌లో ప్రధాని మారాడట. కొత్తాయన మంత్రులందరినీ మనం పేకముక్కలు కలిపినట్టు కలిపి మళ్ళీ పంచాడట. మన థార్న్‌బీకి జైళ్ళ శాఖ వచ్చింది. బస్సులతో ఆయనకు ఇప్పుడు సంబంధం మాఫీ, ఇక్కడి అరబ్బీ మాటలో 'లేదు' అని.

ఫోటో కూడా చూపించాడు. కొత్తగా కడుతున్న జైలు గోడ ముందు నిలబడి నవ్వుతున్నాడు. నెత్తిన నా హెల్మెట్! దేశమంతా వెతికినా ఆయన తలకు సరిపోయేది ఇంకోటి దొరకలేదు కావచ్చు. రఫీయుద్దీన్ నవ్వి నవ్వి, "క్యా బాత్ హై రాజన్నా, జైలు మీద నీ బోర్డే పెట్టిన్రు పో!" అన్నాడు. ఆ ఫోటో విజయకు చూపించకండి. గల్ఫ్‌లో ఉన్నవాడి పేరు జైలు గోడ ముందు కనబడితే సగం చదివి ఏడుస్తుంది.

కాబట్టి మామా, బస్సు కోసం వేరే దారి చూడటం మంచిది.

మీ అల్లుడు
రాజన్న

తా.క.: ఆయన మేస్త్రీ కాదు, మంత్రి. పైన మంత్రివర్యులు అని మీరే రాశారు, కింద మేస్త్రా అని మీరే అడిగారు. మధ్యలో లేచి ఎక్కడికైనా పోయి వచ్చారా? నూనె మా గదిలో ఉండే తిరుమల్ సెలవు మీద వచ్చేటప్పుడు పంపుతాను. తిరుమల్‌కు సెలవు ఎప్పుడిస్తారో కంపెనీకే తెలియదు.


చింతలొద్ది
జూలై 21

అల్లుడు రాజన్నకు,

మామ బుచ్చన్న దీవెనలు. శుభవార్త విన్నాము.

మంత్రివర్యులు జైళ్ళ శాఖకు మారినందుకు మా అందరి అభినందనలు తెలియజెయ్యి. డిపో మేనేజర్‌తో మాట్లాడటానికి రవాణా మంత్రికంటే జైళ్ళ మంత్రే మేలు. వేరే దారి చూడమన్నావు. చూశాము.

మన ఊళ్ళో ఫ్లెక్సీ కట్టనిదే ఏ పనీ మొదలు కాదని నీకు తెలుసు. విజయ పిన్నికొడుకు అంజి మండలంలో ఫ్లెక్సీల దుకాణం పెట్టాడు. వాడితో పది అడుగుల ఫ్లెక్సీ కొట్టించి రోడ్డు మీద, బస్సు ఆగేచోట కట్టించాను. నువ్వూ మంత్రివర్యులూ పక్కపక్కన ఉన్న ఫోటో పెద్దగా వేయించాను. ఆయన నెత్తిన నీ పేరు దూరం నుంచి కూడా చక్కగా కనబడుతోంది. కింద ఇలా రాయించాను: 'చింతలొద్ది బస్సు కోసం కృషి చేస్తున్న బ్రిటన్ మంత్రివర్యులు శ్రీ థార్న్‌బీ గారికి, వారి ఆప్తమిత్రులు రాజన్న గారికి ఘన స్వాగతం.'

స్వాగతం ఎందుకు అంటావేమో, వాళ్ళు రావడం లేదు కదా అని. వస్తారని మేము ఎక్కడా రాయలేదు. స్వాగతం మాత్రమే చెప్పాము.

డిపో మేనేజర్ జీపు దిగి పది నిమిషాలు నిలబడి చదివాడు. ఫోనులో ఫోటో తీసుకున్నాడు. "ఈయన ఏ పార్టీ?" అని పక్కన చాయ్ కొట్టాయనను అడిగాడట. ఇదివరకు డిపోకు పోతే మాకు కుర్చీ వేసేవాళ్ళు కాదు, మొన్న పోతే వేశారు. బస్సు మాత్రం వేయలేదు. లెటర్ ఒక్కటి వస్తే అదీ అవుతుంది. త్వరగా పంపు.

ఇట్లు, నీ శ్రేయస్సు కోరే మామ
బుచ్చన్న

తా.క.: నూనె రాలె. రోడ్డు కాడ నీ ఫోటో పెద్దగ కట్టిండ్రు. ఎవలు కట్టిండ్రో ఎర్కలేదు. నీకేం గాలె గద? మన దిక్కు గంత పెద్ద ఫోటో మనిషి పోతెనే కడ్తరు. మంచిగనే ఉన్నడని నేను జెప్తనే ఉన్న, మన వాడకట్టు ఎల్లయ్య ఇనకుంట ఏడ్సుకుంట పోయిండు.


అల్ అజీజియా సైటు, దోహా
ఆగస్టు 3

మామకు,

ఇంకా బతికే ఉన్న మీ అల్లుడు రాజన్న దండాలు. ఎల్లయ్యకు కూడా ఈ మాట చెప్పండి.

మామా, కొంప ముంచారు. సైటులో తీసిన ఫోటో బయట పెట్టకూడదని మా కంపెనీలో రూలు. మీరు పది అడుగులు చేసి రోడ్డు మీద కట్టారు. మా సేఫ్టీ ఆఫీసర్ కంట పడితే ఏమవుతుందని రఫీయుద్దీన్‌ను అడిగాను. "ఏమైతది, యల్లా, నడువు, బ్యాగ్ సర్దుకో అంటడు" అని చెప్పి హాయిగా చాయ్ తాగాడు. వెంటనే ఫ్లెక్సీ దింపించండి.

దానికంటే నాకు మీ గురించి దిగులుగా ఉంది. ఫ్లెక్సీ నేనే కట్టించాను అని పైన రాశారు. ఎవరు కట్టారో తెలియదని కింద రాశారు. ఒకే కాగితం మీద మీరు ఇద్దరు మనుషుల్లా ఉన్నారు. ఖతర్ అని ఒకచోట, దుబాయ్ అని ఇంకోచోట! విజయకు ఫోనులో "మామను జగిత్యాల తీసుకపోయి తల డాక్టరుకు చూపియ్యి" అని చెబితే, "మా నాయినకేమైంది, నీ తలనే సూపిచ్చుకో" అని పెట్టేసింది.

ఇక మంత్రిగారి సంగతి. ఆయన జైళ్ళ శాఖలో నెల కూడా లేడు. ఒక జైలు నుంచి కొందరు ఖైదీలను పొరపాటున వారం ముందే వదిలేశారట. అందుకని ఇప్పుడు చేపల శాఖ ఇచ్చారు. ఓడరేవులో చేపల బుట్ట పట్టుకుని ఉన్న ఫోటో వచ్చింది. నెత్తిన అదే హెల్మెట్. చేపలు మీద పడతాయని భయమేమో నాకు తెలియదు. మూడు శాఖలు మారాడు గానీ హెల్మెట్ మార్చలేదు, మనిషి నమ్మకస్తుడు.

మీరు ఇంతగా అడుగుతున్నారని నిన్న ఆయనతో ఫోనులో మాట్లాడాను. బస్సు సంగతి మొత్తం విన్నాడు. "చూద్దాం రాజన్నా" అన్నాడు. మీకు తెలియనిదేముంది, మంత్రి చూద్దాం అన్నాడంటే సగం పని అయినట్టే. ఫ్లెక్సీ మాత్రం దింపండి.

మీ అల్లుడు
రాజన్న

తా.క.: నా కొత్త హెల్మెట్ పడకుండా పై నుంచి తువ్వాల వేసి గడ్డం కింద ముడేశాను. ఇప్పుడు తల వంచగలుగుతున్నాను. ఫోర్‌మన్ నేను దారికొచ్చానని సంతోషించి ఇంకో డ్యూటీ అదనంగా వేశాడు.


చింతలొద్ది
ఆగస్టు 25

అల్లుడు రాజన్నకు,

మామ బుచ్చన్న ఆశీస్సులతో.

ఫ్లెక్సీ దింపడం కుదరదు. దింపితే మంత్రివర్యులకు అవమానం.

చేపల శాఖ కూడా మంచిదే. ఈ కబురు తెలిసి మన మత్స్య సంఘంవాళ్ళు నిన్న ఇంటికి వచ్చారు. ఈ ఏడు చేపపిల్లలు ఇంకా రాలేదని దరఖాస్తు రాసి, సంతకాలు పెట్టి ఇచ్చిపోయారు. దాన్ని కూడా జత చేస్తున్నాను. బొచ్చె, రవ్వు ఏవైనా పర్వాలేదట, ఇంగ్లండు చేపలు మాత్రం వద్దన్నారు.

మొన్న ఎమ్మెల్యే గారి మనిషి వచ్చాడు. ఫ్లెక్సీ మీద ఎమ్మెల్యే గారి ఫోటో ఎందుకు లేదని అడిగాడు. బస్సు కోసం ఆయన ఏమైనా చేస్తే వేస్తామని చెప్పాము. "రేపు బస్సు వస్తే ఎవలు తెచ్చిండ్రంటరు? మా సారు ఉండంగ ఇంగ్లండోళ్ళు తెచ్చిండ్రంటరా? మాకు ఇజ్జత్ లేదా?" అన్నాడు. ముందు తెమ్మనండి, ఎవరు తెచ్చారో తరువాత రాస్తామన్నాము. "చూద్దాం" అని వెళ్ళిపోయాడు. మీ మంత్రివర్యులూ అదే మాట అన్నారని నువ్వు రాశావు. ఆ ఒక్క మాటా అన్ని దేశాల్లోనూ ముందే నేర్పుతారు కావచ్చు.

రాజన్నా, ఇక నవ్వులాట చాలు. పదకొండు మంది పిల్లల్లో ముగ్గురు ఇప్పటికే మానేశారు. ఒక అమ్మాయికి లెక్కల్లో తరగతి మొత్తంలో ఎక్కువ మార్కులు వచ్చేవి. విజయ అటక మీద నుంచి బీడీల చాట దించి కడిగి ఎండబెట్టింది. మమత రోజూ దాని పక్క నుంచే కాలేజీకి పోతోంది. బతుకమ్మకు నెలే ఉంది. మీ మంత్రి లెటర్ ఇస్తారా ఇవ్వరా, ఒక్క మాట నిజం రాయి.

ఇట్లు
బుచ్చన్న

తా.క.: ఎమ్మెల్యే మనిషి ఒకాయన వచ్చి నా కాళ్ళు మొక్కిండు. ఎందుకు మొక్కిండో సమజ్ గాలె. మోకాళ్ళు మాత్రం ఒత్తకు బిడ్డా, నొస్తున్నయ్ అన్న. గొడ్డలి బొమ్మ నూనె ఉన్నదా అని అడిగిన. ఆయన తాన సుత లేదట.


అల్ అజీజియా సైటు, దోహా
సెప్టెంబర్ 12

మామకు,

తల ఎత్తుకోలేని అల్లుడు రాజన్న దండాలు. ఈసారి హెల్మెట్ బరువు వల్ల కాదు.

మీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులు దాటింది. జవాబు రాద్దామని రోజూ దాని ఫోటో ఉన్న ఫోను జేబులో పెట్టుకుని డ్యూటీకి పోయి, రోజూ రాయకుండానే తెచ్చుకున్నాను. ఆ ముగ్గురు పిల్లల సంగతి చదివినప్పటి నుంచి నా అబద్ధం నాకు ఎదురుగా కూర్చుంది. అది ఇప్పుడు చెప్పేస్తాను.

మంత్రి నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నా హెల్మెట్ తీసుకుని లోపల చెయ్యి పెట్టి చూసి, చెమట తగిలి మొహం అదోలా పెట్టాడు. ఎటు చూడమంటారని ఫోటో తీసేవాణ్ణి అడిగాడు. అంతే. భుజం మీద చెయ్యి కూడా ఫోటోవాడు చెబితే వేశాడు, అయిపోగానే తీసి తుడుచుకున్నాడు. నాకేమన్నా కావాలా అని ఆయన అడగలేదు. నేను ఫోనులో మాట్లాడలేదు. ఈ దేశం వచ్చి పదమూడేళ్ళయింది, ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలిచిన పెద్దమనిషి ఒక్కడూ లేడు. అందుకని ఉత్తరంలో ఒకణ్ణి తయారు చేసుకున్నాను. అది మీ బస్సుకు అడ్డం వచ్చి పడుతుందనుకోలేదు.

ఇప్పుడు ఆ మంత్రి కూడా లేడు. మొన్న శుక్రవారం సెలవుకు నేనూ రఫీయుద్దీన్ అల్ దోహా అల్ జదీదాలో కరక్ చాయ్ తాగుతుండగా వార్త వచ్చింది. బ్రిటన్‌లో ఎన్నికలు అయ్యాయి. థార్న్‌బీ రెండు వందల పన్నెండు ఓట్లతో ఓడిపోయాడు. ఎందుకు ఓడిపోయాడో వింటే మీరు నమ్మరు. ఆయన రవాణా మంత్రిగా ఉన్నప్పుడు ఆయన సొంత నియోజకవర్గంలోనే ఒక పల్లెకు నలభై ఏళ్ళుగా వస్తున్న బస్సు ఆగిపోయింది. ఊరివాళ్ళు అడిగితే చూద్దామన్నాడట. ఒక ముసలామె సంచి భుజాన వేసుకుని ఆయన పెట్టిన ప్రతి మీటింగుకూ వచ్చి, ముందు వరుసలో నిలబడి, బస్సు టైం అడిగేదట. చివరికి ఆ పల్లె ఓట్లే ఆయన్ను ముంచాయి. ఆఫీసు ఖాళీ చేసి డబ్బా మోసుకుపోతున్న ఫోటో చూశాను. డబ్బా మీద పైన నా హెల్మెట్ ఉంది.

సొంత ఊరి బస్సే తెప్పించలేనివాడు మన చింతలొద్దికి ఏం తెప్పిస్తాడు మామా? ఫ్లెక్సీ దింపండి. విజయకు నేనే చెబుతాను, మమతను మాన్పించవద్దని కాళ్ళు పట్టుకుంటాను. నన్ను నలుగురిలో తిట్టండి, పడతాను. మమతకు మాత్రం ఈ ఉత్తరం చదవమని ఇవ్వకండి. దాని ముందు అబద్ధాలకోరుగా నిలబడటం నాకు కష్టంగా ఉంది.

మీ అల్లుడు
రాజన్న

తా.క.: ఇప్పుడే గుర్తొచ్చింది. మీకు ఉత్తరాలు చదివి పెట్టేది మమతే కదా.


చింతలొద్ది
సెప్టెంబర్ 24

బాపుకు,

నీ బిడ్డ మమత రాస్తున్నది. ఈసారి నిజంగా నేనే.

ముందు బస్సు సంగతి. సోమవారం పొద్దున ఏడు నలభైకి వచ్చింది. కండక్టర్ తెలిసినవాడే, అయినా అమ్మ బస్సెక్కి ఆధార్ కార్డు తీసి రెండు వైపులా చూపించింది. మండలంలో పని ఉందా అంటే లేదట, ఊరికే ఎక్కిందట. ఆగిపోయిన ముగ్గురూ మళ్ళీ కాలేజీకి వస్తున్నారు. లెక్కల అమ్మాయి నిన్న సారు తప్పు చేస్తే లేచి నిలబడి చెప్పింది. బీడీల చాటలో అమ్మ ఇప్పుడు వడియాలు ఎండబెట్టింది.

బస్సు నీ మంత్రే తెచ్చాడు. నీ ఉత్తరం వచ్చిన మరునాడు అంజి మామ దగ్గరికి పోయి, ఫ్లెక్సీ మీద కింద రాసింది కనబడకుండా కొత్త పట్టీ అతికించాము. నీ ఫోటో, ఆయన ఫోటో, నీ హెల్మెట్ అన్నీ అలాగే ఉన్నాయి. పట్టీ మీద ఇలా ఉంది: 'పల్లె బస్సు ఆగితే చూద్దాం అని చెప్పి, రెండు వందల పన్నెండు ఓట్లతో ఓడిపోయిన బ్రిటన్ మాజీ మంత్రివర్యులు వీరే. మన నాయకులకు ఇలాంటి కష్టం రాకూడదని కోరుకుంటూ, చింతలొద్ది ఆడపడుచులు.'

రెండో రోజు ఎమ్మెల్యే గారి మనిషి వచ్చి చదివాడు. చదివి మన ఊళ్ళో ఓట్లెన్ని అని అడిగాడు. మూడు వందల నలభై అని చెప్పాను. నాలుగో రోజు బస్సు వచ్చింది. ఆయన రవాణా మంత్రిగా ఉంటే ఏమీ రాలేదు, జైళ్ళకు మారితే కుర్చీ వచ్చింది, చేపలకు మారితే దరఖాస్తు వచ్చింది. ఓడిపోయాకే బస్సు వచ్చింది.

ఇక నా తప్పు. తాత ఉత్తరాలు నేనే రాశాను. రాసి పెట్టాను అని కాదు, నేనే పుట్టించాను. తాతకు మంత్రీ తెలియదు, లెటరూ తెలియదు. నీ ఉత్తరాలు వచ్చినప్పుడు నువ్వు బాగున్నావని, నూనె పంపుతావని మాత్రమే చదివి వినిపించాను. చివరన తా.క. దగ్గర కాగితం ఇస్తే తాత తనకు తోచింది తన చేతితో రాసేవాడు. అది చెరిపే ధైర్యం నాకు లేదు. నువ్వు తల డాక్టరుకు చూపించమన్నది కూడా తాతకు చెప్పలేదు, చెబితే బస్సు లేకున్నా నడిచి అక్కడికి వచ్చేవాడు. అమ్మకు అంతా తెలుసు. అటక మీద నుంచి చాట నిజంగానే దించింది, భయం నిజమే. ఫ్లెక్సీలో నీ పక్కన తన ఫోటో పెట్టలేదని కోపం మాత్రం ఇంకా పోలేదు.

నీ అబద్ధం నాకు మొదటి రోజే తెలుసు బాపూ. నీకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. నీకేమన్నా కావాలంటే చెప్పు అని ఆయన ఏ భాషలో అన్నాడు?

ఎందుకు చేశానంటే, జూన్‌లో నేను ఫోనులో నీకు బస్సు సంగతి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "చూద్దాం బిడ్డా" అన్నావు. నాకు చాలా కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. తాత పేరు మీద రాస్తే రెండు పేజీలు తిరిగి రాశావు. అందుకే రాస్తూ పోయాను. కానీ నీ చివరి ఉత్తరం చదివాక నా కోపం నిలవలేదు. నిన్ను అక్కడ పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరని నాకు తెలియదు. ఇక్కడ పిలుస్తున్నారు. బస్సు ఆగేచోటును ఇప్పుడు అందరూ 'రాజన్న స్టాప్' అంటున్నారు. కండక్టర్ కూడా అలాగే అరుస్తున్నాడు. సేఫ్టీ ఆఫీసర్ గారికి భయపడకు. నీ మొహం మీద ఎమ్మెల్యే గారి ఫోటో అతికించి పోయారు. హెల్మెట్ మీద పేరు మాత్రం అలాగే ఉంది.

ఇకమీద ఏదైనా కావాలంటే నా పేరు మీదే రాస్తాను. నువ్వు కూడా నాకే రాయి.

నీ బిడ్డ
మమత

తా.క.: అల్లుడా గిది నా చేతిరాత. ఇయ్యాల బస్సెక్కిన. కిటికీలకెళ్ళి సూస్తె తెల్లటాయన నెత్తి మీద నీ టోపి కనవడ్డది. మన పేరు రాసి ఉన్న వస్తువు మంది తాన ఉంచద్దు, పోయి తెచ్చుకో. వచ్చేటప్పుడు నూనె తే. ఆయన కొలువు పోయిందని మమత చెప్పింది. పాపం. మన దిక్కు ఏదన్న పని ఉన్నదా అని అడిగితె, చూద్దాం అని చెప్పు.